మూడు దేశాల పథకం, మునెమ్మ చెయ్యని ప్రమాణం

పోయిన నెల ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు హారిక. ఇక్కడే తిరుపతిలో చదువుకునిందంట, ఇప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరబోతా ఉండాది. కొన్ని దేశాలు కలిసి మళ్ళీ ఒక కనీస ఆదాయ పథకం తయారు చేస్తా ఉండాయని, దాంట్లో తనకు పని దొరికిందని చెప్పింది. "మేడమ్, మీరు ముందు ఒకసారి చేసినారు కదా, నాకేమన్నా చెప్పండి" అనింది. నాకా మోకాళ్ళ నొప్పి, బయట మండే ఎండ, దానికి తోడు కరెంటు పోయి ఉండాది. నాకిప్పుడు ఓపిక లేదు తల్లీ, ఇంకోనాడు రా అని చెప్పేదాన్నే. అంతలో ఆ పిల్ల తన ఫోన్లో కొత్త పథకంలో చేరే పేజీ తెరిచి నా చేతికిచ్చింది.

అంతా ముచ్చటగా ఉండాది. పేరు, ఊరు, బ్యాంకు. అన్నిటికంటే కింద ఒక చిన్న గడి, దాని పక్కన ఒక వాక్యం. "పైన చెప్పినదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను." ఆ గడిలో టిక్కు పెట్టకపోతే పేజీ ముందుకు జరగదు.

"ఈ వాక్యం ఎవురు పెట్టినారమ్మా?" అని అడిగినాను.

"అది అన్నిట్లో ఉంటుంది కదా మేడమ్. ఎవురూ చదవరు" అనింది.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చినంత పనయింది. ఆ ఒక్క వాక్యం తీసేయించడానికి మేం పడిన పాట్లు దేవుడికే తెలియాల. మళ్ళీ అదే వచ్చి కూర్చుని ఉండాది. ఆ పూట ఆ పిల్లకు సరిగ్గా చెప్పలేకపోయినాను. అందుకే ఇది రాస్తా ఉండాను. హారిక లాంటి పిల్లలు చదువుకుంటారని ఆశ. చదవకపోతే నేను చేయగలిగింది కూడా ఏమీ లేదు.

పనంటే ఏం పని

మా నాయన పాకాల రైల్వే జంక్షన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. నేను లెక్కల చదువు చదివి సర్వేల ఉద్యోగంలో చేరినాను. ఎప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఎక్కడెక్కడ కుర్చీ మారింది, అవన్నీ ఇప్పుడు నాకే గుర్తు లేవు, మీకెందుకు. చివరి ఏండ్లలో నన్ను ఒక ఉమ్మడి బృందంలోకి పంపించినారు. ఇండియా, నేపాల్, శ్రీలంక, మూడు దేశాలు. ఒక్కో దేశంలో కొన్ని ఊర్లు. ఆ ఊర్లలో ఉండే ప్రతి మనిషికీ నెలనెలా బతకడానికి సరిపడా దుడ్డు ఇచ్చేది. పేదోడా, ఉన్నోడా అని అడగకూడదు. పని చేస్తావా లేదా అని అడగకూడదు. దేనికి ఖర్చు పెట్టినావని అసలు అడగకూడదు. మూడు దేశాలూ ఒకే కుండలో వేస్తాయి, ఆ కుండలోంచి అందరికీ ఒకే కొలత. పెద్ద పెద్ద పేర్లు చాలా పెట్టినారు దానికి. మా ఊర్లలో జనం మాత్రం "అందరి దుడ్డు" అన్నారు. నాకు ఆ పేరే నచ్చింది.

బయటోళ్ళు ఇదేదో అర్థశాస్త్రం అనుకుంటారు. కాదబ్బా. ఏడాది పొడుగునా మేం కొట్లాడింది అంగడి సామాన్ల గురించి. మూడు దేశాల్లో ఒకే కొలత అంటే ఏ కొలత? రూపాయలు మూడు రకాలు, ధరలు ముప్పై రకాలు. అందుకని ఒక మనిషి నెలంతా బతకడానికి ఏమేం కావాలో ఆ సామాన్లు రాసుకుని, వాటి ఖరీదు ఏ ఊరి ధర ప్రకారం ఆ ఊర్లో ఇచ్చేద్దామని అనుకున్నాం. శ్రీలంక నుంచి నిమల్ అని ఒకాయన వచ్చేవాడు. నెమ్మదస్తుడు, ప్రతి మాటకూ ఒక ప్రశ్న వేస్తాడు. కొబ్బరికాయ లేకపోతే అది మనిషి తిండే కాదంటాడు. నేపాల్ నుంచి సబిత. ఆమె చలికాలం కంబళి లేనిదే ఒప్పుకోదు. నేను చింతపండు దగ్గర మొండికేసినాను. చింతపండు కోసం ఒక పూటంతా వాదించినానని మా ఇంట్లో చెప్తే నా మొగుడు పడీపడీ నవ్వినాడు.

మా అందరికీ పైన భక్తవత్సలం సార్. కాణిపాకం పక్కన పల్లెలో పుట్టినాడు, చిత్తూరులో ఇల్లు. నాకు తెలిసిన పై అధికారుల్లో ఆయనంత మంచోడు లేడు, ఆయనంత మొండోడూ లేడు. జనాన్ని నమ్మాల అనేది ఆయన పట్టు. ఇంటి పెద్దకు ఇస్తే చాలదా అని పై నుంచి ఎవురో అడిగినారు. "ఇంటి పెద్ద తింటే ఇంట్లో వాళ్ళ కడుపు నిండుతుందా?" అని అడిగి ఆ మాట అక్కడికక్కడే తుంచేసినాడు. ఆడ, మగ, పసిబిడ్డ, ఎవురి వాటా వాళ్ళకే అని ఒప్పించింది ఆయనే. అది మాత్రం ఈ పొద్దుకీ గొప్ప పనేనని నేననుకుంటా.

వాక్యం యాడ నుంచి వచ్చింది

చిక్కు ఇంకోచోట వచ్చింది. మనుషులు ఒకచోట ఉండరు కదా. పాకాలలో నేను టిఫిన్ తినే హోటల్లో పరోటా వేసే పిల్లోడు నేపాలీ. వాడి వాటా యాడ ఇయ్యాల? వాళ్ళ ఊర్లోనా, పాకాలలోనా? యాడ నిద్రపోతే ఆడ ఇద్దామని తేల్చినాం. కుండ ఒకటే కాబట్టి ఏ దేశానికీ నష్టం లేదు. కుండలో దుడ్డు పెట్టే ప్రభుత్వాలవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. "వాడు ఈడా తీసుకుని, ఆడా తీసుకుంటే?" అన్నారు. మూడు దేశాలకూ కలిపి ఒక గుర్తింపు కార్డు లేదు. కాగితాలు అడిగితే కాగితాల్లేనోడు బయటే ఉండిపోతాడు. వాడి కోసమే కదా ఇంత చేస్తా ఉండేది.

ఎవురికీ దారి తోచలేదు. అప్పుడు భక్తవత్సలం సార్ లేచినాడు. ఏ కాగితమూ వద్దు అన్నాడు. మనిషి వచ్చి నలుగురి ముందర నిలబడి, 'నేను ఈ ఊర్లోనే ఉంటాను, ఇంకో చోట ఈ దుడ్డు తీసుకోను' అని ప్రమాణం చేస్తే చాలన్నాడు. ఎవురి పద్ధతిలో వాళ్ళు చెయ్యొచ్చు. "మా కాణిపాకం వినాయకుడి ముందర అబద్ధం ఆడేవాడు పుట్టలేదు. కోర్టుల్లో తెగని తగాదాలు మా దగ్గర ఒక్క ప్రమాణంతో తెగిపోతాయి. మనుషుల్ని నమ్మండయ్యా" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కండ్లలో నీళ్ళు తిరిగినాయి. సబిత చప్పట్లు కొట్టింది, నిమల్ కూడా తల ఊపినాడు. నాకూ బాగానే అనిపించింది. దాంట్లో ఎవురి పాలు ఎంతని ఇప్పుడు పంచుకుని లాభం లేదు.

బడి వరండాలో

మా ఊర్లన్నీ పాకాల, కాణిపాకం మధ్యనే. నేను కూర్చున్నది ఒక చిన్న పల్లె బడి వరండాలో. ఆ పొద్దు జనం తిరనాళ్ళకు వచ్చినట్టు వచ్చినారు. నోటిమాట చెప్తే చాలని మేమంటే, ఊరి పెద్దమనుషులే ఒక పళ్ళెం తెచ్చి కర్పూరం వెలిగించినారు. మా పక్క అదొక ఆచారం. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో కొట్టి ఆర్పి మాట చెప్తే, ఇంక దానికి తిరుగు లేదు. అబద్ధమైతే ఆ దేవుడే చూసుకుంటాడని నమ్మకం. సాయిబులు వాళ్ళ పద్ధతిలో చేసినారు, క్రైస్తవులు వాళ్ళ పద్ధతిలో.

మొదట వచ్చినోడు సుబ్రమణ్యం. మామిడికాయల మండీ ఉండాది ఆయనకు. కాపురం చిత్తూరు టౌన్లో, పల్లెలో ఉండేది తాళమేసిన మిద్దె. పండగలకు తెరుస్తాడు. ఆయప్ప జబ్బ చరుచుకుని వచ్చి కర్పూరం మీద ఒక్క దెబ్బ వేసి, "నేను ఈ ఊర్లోనే ఉంటా!" అని కేక పెట్టినాడు. వెనకాల ఎవురో కిసుక్కుమన్నారు. ఎవురూ నోరెత్తలేదు.

కొంతమంది వరండా మెట్ల దాకా వచ్చి, పళ్ళెం చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి మళ్ళుకున్నారు. అప్పుడు నేను పట్టించుకోలేదు. పట్టించుకునింది ఒక్కామెను. అరవై దాటిన మనిషి, బక్కపలచగా ఉండాది. ఎండాకాలం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసేది, మిగతా దినాలు చింతపండు కొట్టి గింజ తీసేది. పేరు మునెమ్మ. మొగుడు లేడు, బిడ్డల్లేరు. ఆ ఊర్లో ఈ దుడ్డు ఎవురికన్నా రావాలంటే ముందు ఈమెకే రావాల. నా ముందుకొచ్చి నిలబడింది.

"ప్రమాణం చేయమ్మా" అన్నాను.

"పేరు సెప్తా. మునెమ్మ."

"అది సరే. ఈ ఊర్లోనే ఉంటానని ప్రమాణం చేయాల."

"ఈ ఊర్లోనే ఉండాను. నువ్వే సూస్తా ఉండావు కదా మేడమ్మా."

"ఆ మాటే కర్పూరం ఆర్పి చెప్పు."

"పెమానం సెయ్యను" అనింది. అంతే. కోపం లేదు, భయం లేదు. చెంగు సర్దుకుని మెట్లు దిగి పోయింది. పెద్దమనుషుల్లో ఒకడు నా వైపు వంగి, "ఆయమ్మ చేయదు లెండి మేడమ్, వాళ్ళ సంగతి మాకు తెలుసు" అన్నాడు. ఆ 'వాళ్ళ సంగతి' అనే మాట నా చెవిలో ముల్లులా ఉండిపోయింది.

వాళ్ళ సంగతి

రెండు దినాలాగి ఆమె ఇంటికి పోయినాను. ముందర చింతపండు రాసి, చేతిలో కొట్టే రాయి. నన్ను చూసి లేవలేదు. పని చేస్తానే మాట్లాడింది.

"మేడమ్మా, నువ్వు నా మేలు కోరే వచ్చినావు. నాకు తెలుసు. కానీ సెయ్యను."

"నువ్వు చెప్పేది నిజమే కదా, నిజానికి ప్రమాణం చేస్తే ఏమయితుంది?"

ఆమె రాయి పక్కన పెట్టింది. "మా ఇంటాయన కూడా నిజానికే సేసినాడు" అనింది.

ఆమె మొగుడు మునిరత్నం. ఎన్నో ఏండ్ల కిందట ఎవురిదో బావి మోటారు దొంగలపాలయింది. ఆ రాత్రి చేన్లోకి నీళ్ళు కట్టడానికి పోయింది మునిరత్నమే కాబట్టి అతనే తీసినాడన్నారు. తియ్యలేదని అతను ఎంత మొత్తుకున్నా వినలేదు. కాణిపాకానికి తీసుకుపోయినారు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో దేవుడి ముందర నిలబడి, నేను తియ్యలేదని ప్రమాణం చేసినాడు. తగాదా తెగిపోయింది. అందరూ అతని భుజం తట్టి ఇంటికి తీసుకొచ్చినారు. ఆ ఏడు తిరక్కుండానే చింతచెట్టు మీద నుంచి పడి చచ్చిపోయినాడు.

"పాడె లేవకముందే అనేసినారు మేడమ్మా. 'సూసినారా, దేవుడు సూపించినాడు' అని. అంతవరకూ మోటారు తీసినాడేమో అన్నోళ్ళు, ఆ దినం నుంచి తీసినాడు అన్నారు. ఆయప్ప తియ్యలేదు. నాకు తెలుసు. కానీ సచ్చినోడు మళ్ళీ లేసొచ్చి సెప్పడు కదా" అనింది మునెమ్మ. అప్పటి నుంచి ఆమె ఆ ఊర్లో దొంగ పెండ్లాం. పేరంటాలకు పిలుపుల్లేవు.

నేను ఇంటికొచ్చి ఆ రాత్రి ఆమె మాటలు మళ్ళీ తలుచుకున్నాను. అప్పటిదాకా నాకు తట్టలేదు. ప్రమాణం చేసినోడికి ఆ తర్వాత ఏ కష్టమొచ్చినా అది అబద్ధానికి సాక్ష్యం అయిపోతుంది. సుబ్రమణ్యానికి కష్టం రాదు. వచ్చినా ఆస్పత్రికి పోతాడు, మందు తింటాడు, లేచి తిరుగుతాడు. ఊరికి ఏమీ కనపడదు. కూలి చేసుకునే ఆడమనిషికి ఏడాదికి ఒక కష్టమన్నా రాక తప్పుతుందా? ఆమె నిజం చెప్పి ప్రమాణం చేసినా, కాలు జారితే చాలు, అబద్ధం అయిపోతుంది. ఏ షరతూ లేకుండా ఇస్తామని మూడు దేశాల్లో చాటింపు వేసినాం. కూలోళ్ళు మాత్రమే భయపడే షరతు ఒకటి గుమ్మంలోనే పెట్టినాం. వరండా మెట్ల మీద నుంచి మళ్ళుకుని పోయినోళ్ళంతా అప్పుడు గుర్తొచ్చినారు. వాళ్ళెవురూ దొంగలు కారు. కాణిపాకం దేవుడి మీద నాకేం కోపం లేదు. ఆయన్ని తీసుకొచ్చి మా ఆఫీసు పనికి కాపలా పెట్టడం మీదనే నా కోపమంతా.

ఒక్క ముసలామె కోసం

భక్తవత్సలం సార్‌కు చెప్పినాను. ఆయన మొహం ఎర్రగా అయింది.

"రాజేశ్వరమ్మా, అది నేను పుట్టిన గడ్డ. ఆడి జనం సంగతి నాకు చెప్తావా?"

"ఆమె ఒక్కతే కాదు సార్. వెనక్కి పోయినోళ్ళు చాలామంది ఉండారు."

"మూడు దేశాలు ఒప్పుకుని రాసుకున్న నియమం. ఒక్క ముసలామె కోసం మళ్ళీ మూడు దేశాలనూ కూర్చోబెట్టమంటావా? ఆమెకు నచ్చచెప్పు."

ఇది మీరు గుర్తు పెట్టుకోండి పిల్లలూ. పలు దేశాలు కలిసి చేసే పనిలో ఒకసారి పడిన వాక్యం కదలదు. తప్పని అందరికీ తెలిసినా కదలదు. కదిలించాలంటే అందరూ ఒకే దినం కూర్చోవాల, ఒకరికి పండగ, ఒకరికి ఎన్నికలు, ఒకరికి వానలు. నేను మళ్ళీ మళ్ళీ అడగడం, ఆయన చూద్దాంలే అనడం, ఇట్లనే నెలలు గడిచిపోయినాయి. సుబ్రమణ్యానికి నెలనెలా దుడ్డు పడతానే ఉండింది. మునెమ్మ చింతపండు కొడతానే ఉండింది. అలిసిపోయినాను. నిజంగా చెప్తున్నా, ఇంక నావల్ల కాదని ఒకటి రెండు సార్లు సెలవు చీటీ కూడా రాసినాను.

మామిడికాయల కాలం వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీలో తొక్కలు పడి నేలంతా జారుడు. మునెమ్మ జారి పడింది. కుడి చెయ్యి విరిగింది. ఎవురో బస్సెక్కించి, విరిగిన ఎముకలకు కట్టు కట్టేదాంట్లో పేరుపడిన పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించినారంట. సంగతి తెలిసి నేను సార్ దగ్గరికి పోయి, "ఒక్కసారి నాతో రండి సార్, ఇంకేం అడగను" అన్నాను. ఏమనుకున్నాడో, వచ్చినాడు.

ఆమె వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుని ఉండాది. చేతికి ఆకుపసరు, వెదురు బద్దల కట్టు. పక్కింటామె పెట్టిన సంగటి ముద్ద ఎడమ చేత్తో తింటా ఉండాది. సార్ కింద కూర్చుని, "ఏమ్మా, కోప్పడడం లేదు, ఒకటి అడగొచ్చునా? నువ్వు ప్రమాణం చేసుంటే ఈపాటికి నెలనెలా దుడ్డు వచ్చేది కదా. ఈ వయసులో ఫ్యాక్టరీకి పోయే పనే లేదు" అన్నాడు.

మునెమ్మ కట్టు కట్టిన చెయ్యి కొంచెం పైకెత్తి చూపించింది.

"సూడు సామీ. పెమానం సేసుంటే ఈ పొద్దు ఈ సెయ్యే నా మీద సాక్షం సెప్పేది. ఇప్పుడంటే జారి పడింది అంటా ఉండారు. అప్పుడైతే దేవుడు కొట్టినాడు అనేవోళ్ళు. మొగుడూ అంతే, పెండ్లామూ అంతే అనేవోళ్ళు."

సార్ మెల్లగా లేచినాడు. మళ్ళీ కారెక్కినాం.

టీ అంగడి దగ్గర

దారిలో కాణిపాకం దగ్గర టీకి ఆగినాం. గరిక మాలలు అమ్మేవాళ్ళు, గుండు గీయించుకున్న పిల్లోళ్ళు, బస్సు దిగే యాత్రికులు, ఒకటే సందడి. నాకు లోపల ఉడికిపోతా ఉండాది. ఇంక ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను.

"సార్, గుడి ఈడనే ఉండాది. కోనేట్లో మునిగి, మన పథకంలో ఎవురూ రెండు చోట్ల తీసుకోవడం లేదని మీరు ప్రమాణం చేయండి. మన లెక్కలన్నీ చూసుకున్నాం కదా, అట్లాంటోడు ఒక్కడూ దొరకలేదు. నిజమే కదా? చేసేయండి."

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టినాడు. "ఏందమ్మా ఆ మాటలు."

"నిజమే కదా సార్. నిజానికి ప్రమాణం చేస్తే ఏమయితుంది?"

"వచ్చే వారం మా ఇంటామెకు గుండె ఆపరేషన్ ఉండాది. ఇప్పుడు పోయి ప్రమాణం చేస్తే, ఆమెకేదన్నా..."

అక్కడితో ఆగిపోయినాడు. తన మాట తనకే వినపడినట్టుంది. చాలాసేపు గుడి గోపురం వైపు చూస్తా కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. నాకు ఆయన్ని చూస్తే పాపం అనిపించింది. ఇంటామె ఆపరేషన్ సంగతి నాకు తెలీదు. తెలిసుంటే అట్ల అడిగేదాన్ని కాదు. కారు దగ్గరికి నడిచేటప్పుడు, "నిమల్‌కు, సబితకు ఫోన్ చెయ్యమ్మా. కూర్చుందాం" అన్నాడు.

తీసేసినాం

ఆ కూర్చోవడానికి మళ్ళీ కొన్ని నెలలు పట్టింది. నిమల్ తన పద్ధతిలోనే, "ఒక్క వాక్యం చెప్పడానికి ఎందుకంత భయం?" అని అడిగినాడు. నేను మునెమ్మ సంగతంతా చెప్పినాను. సబిత తన ఊర్ల జాబితా తీసి చూసుకునింది. ఆఖరికి, "మా ఊర్లలో కూడా కొంతమంది రాలేదు. పనికి బయటి ఊర్లకు పోయినారనుకున్నాం. ఇండ్లకు పోయి ఎవురినీ అడగలేదు" అనింది. నిమల్ తన మనుషుల్ని పంపి కనుక్కున్నాడు. అక్కడా ఉండారు. వాళ్ళ భయాలు వేరు, దేవుళ్ళు వేరు. వెనక్కి పోయినోళ్ళు మాత్రం అన్నిచోట్లా కూలోళ్ళే.

మూడు దేశాల్లోనూ ఆ వాక్యం తీసేసినారు. తీసేద్దామని చెయ్యెత్తింది మొదట భక్తవత్సలం సారే. దుడ్డు పెట్టేవాళ్ళు గొణిగినారు. ఒకడూ అరా రెండుచోట్లా తింటే తిననీ, ఆకలిగొన్న మనిషి బయట నిలబడకూడదని ఆయన తెగేసి చెప్పినాడు. అంత మంది ముందర తన మాటే తప్పు అని ఒప్పుకోవడం నేను ఇంకే అధికారిలోనూ చూడలేదు.

నేను మునెమ్మ దగ్గరికి పోయినాను.

"ఏం సెప్పాల?" అనింది.

"పేరు చెప్తే చాలు."

"ఊరికేనా?"

"ఊరికే."

నమ్మలేదు. నా మొహం కాసేపు చూసింది. తర్వాత, "మునెమ్మ. మునిరత్నం పెండ్లాం" అనింది. మొగుడి పేరు మేం అడగలేదు. ఆమే చెప్పింది, గట్టిగా, వీధిలోకి వినపడేట్టు చెప్పింది.

ముందు నెలల వాటా కూడా ఆమెకు ఇప్పించాలని పోరాడినాను. కుదరదన్నారు. వెనకటి నెలలకు నియమం లేదంట. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అయినా అప్పటి నుంచి నెలనెలా వచ్చిన దుడ్డుతో ఆమె తరువాతి మామిడికాయల కాలం ఫ్యాక్టరీకి పోలేదు. చేతికి మళ్ళీ బలం వచ్చేదాకా ఇంట్లో కూర్చునింది. ఎందుకు పనికి పోలేదని ఒక సర్వే పిల్లోడు అడిగితే, "ఏమీ అడగబోమని మీరే కదా సెప్పినారు" అని తరిమేసిందంట. విని చాలా దినాల తర్వాత నేను పకపకా నవ్వినాను.

ఆ తర్వాత

పథకం నిలవలేదు. ఒక దేశంలో ప్రభుత్వం మారింది, ఇంకో దేశం తన వంతు వెయ్యలేకపోయింది. కుండ ఒకటే కాబట్టి ఒకరు ఆపితే అందరికీ ఆగిపోయింది. ఉమ్మడి పనిలో బలమూ అదే, చేటూ అదే. మంచి నివేదికలు రాసినారు, సభలు పెట్టినారు, నన్నూ పిలిచినారు, పోలేదు. ఊర్లలో దుడ్డు పడడం ఆగిపోయిన నెల నేను రిటైర్ అయినాను. మునెమ్మ మళ్ళీ చింతపండు కొట్టుకుంటా ఉండాదని తెలిసింది. ఎందుకు ఆపినారని ఆమె ఎవురినీ అడగలేదంట. ఆ మాట విన్న దినం నాకు ఏడుపు ఆగలేదు.

భక్తవత్సలం సార్ ఇంటామె ఆపరేషన్ బాగానే జరిగింది. ఆయనకే పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట కూడా సరిగ్గా రాదు. ఊర్లో నాలుకలు ఊరుకోవు కదా. "అందరి దుడ్డు తిన్నాడు, అందుకే" అని కొందరు మొదలుపెట్టినారు. ఆయన ఒక్క పైసా ఎరగడు. ఆ మాట ఎవురికని చెప్పేది?

ఒకసారి ఆయన్ని చూడటానికి చిత్తూరుకు పోయినాను. వాకిట్లో మునెమ్మ కూర్చుని ఉండాది. ఎట్ల కనుక్కునిందో, ఎన్ని బస్సులు మారి వచ్చిందో తెలీదు. ఒళ్ళో చింతపండు పొట్లం. ఆయనకివ్వడానికి తెచ్చింది. లోపలికి పోయి మంచం పక్కన నిలబడి ఆయన్ని చాలాసేపు చూసింది. ఆయన కండ్లలోంచి నీళ్ళు కారతా ఉండాయి. ఏదో అనబోయినాడు, మాట రాలేదు.

బయటికొచ్చినాక నేనన్నాను, "ఊర్లో ఏమేమో అంటా ఉండారు మునెమ్మా."

"అననీలే మేడమ్మా. ఎంతసేపు అంటారు" అనింది. నా చెయ్యి పట్టుకుని అడిగింది. "ఆయప్ప యాడన్నా పెమానం సేసినాడా?"

"లేదు. నేను చెయ్యమన్నా చెయ్యలేదు."

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

"అట్లయితే ఆయప్పకు వచ్చింది ఒట్టి జబ్బే" అనింది.

హారికా, ఆ వాక్యం తీసేయించమ్మా.